జేజినాయన పెన్సిల్ పుస్తకం

మొన్న మా క్లినిక్‌కు ఒక అమ్మాయి వచ్చింది. బి.ఏ.ఎం.ఎస్., అంటే ఆయుర్వేద డాక్టరు చదువు, ఆఖరి పరీక్షలు రాసేసి ఇంటర్న్‌షిప్‌లో ఉంది, మందులు ఎట్లా తయారుచేస్తారో దగ్గరుండి చూస్తాను మేడం అని తనంతట తనే అడిగి వచ్చింది, అదే నాకు ముచ్చటేసింది. వెనక షెడ్డులో పొయ్యి మీద క్షీరబలా తైలం కాగుతోంది. ఆ పిల్ల ఫోన్ తీసి టైమర్ పెట్టుకుని "ఎన్ని గంటలు కాయాలి మేడం?" అంది. నాకు నవ్వు ఆగలేదు. సరిగ్గా ఇదే ప్రశ్న పదేళ్లప్పుడు మా జేజినాయనను అడిగి తిట్లు తిన్నాను. అప్పుడు ఫోన్లు లేవు కాబట్టి గోడ గడియారం చూపించి అడిగాను, అంతే తేడా.

"గడియారానికేం తెలుసు మే, నూనెనడుగు" అన్నాడు.

(మా పక్క జేజినాయన అంటే తాత, జేజి అంటే నాయనమ్మ. కోస్తా వాళ్ల కోసం చెప్తున్నా.)

నూనెను అడగడమంటే ఏందో ఆ సాయంత్రమే చూపించాడు. గంగాళం అడుగున ముద్దగా కూర్చున్న కల్కాన్ని, అంటే నూనెలో వేసిన నూరిన మూలికల్ని, గరిటెతో కొంచెం తీసి, ఊది చల్లార్చి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపితే అది సన్నగా దీపం వత్తిలా వచ్చింది. దాన్ని నా చేతికిచ్చి నిప్పుల్లో వెయ్యమన్నాడు. వేశాను. చిట్ చిట్ మంది. "ఇనపడిందా? ఇంకా నీళ్లుండాయి" అని మంట తగ్గించి మళ్లీ పీట మీద కూర్చున్నాడు. అరగంటకో వత్తి. నాకు నిద్ర ముంచుకొస్తోంది, జేజి రెండుసార్లు అన్నానికి పిలిచింది, ఆయన కదలడు. నాలుగోదో ఐదోదో నిప్పుల్లో పడి చప్పుడు లేకుండా కాలిపోయింది. అప్పుడు దించాడు. నూనె మీద నురుగు లేచి ఉంది. నూనెకైతే నురుగు లేవాలి, నెయ్యికైతే ఉన్న నురుగు అణగాలి, తిరగేసి గుర్తుపెట్టుకున్నావంటే నెయ్యి మాడుస్తావు అని చెప్పి, చేతులు తుడుచుకుని, చెవి మీద పెట్టుకున్న పెన్సిల్ తీసి ఎర్ర అట్ట లెక్కల పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. చాలా ఏళ్లకు కాలేజీలో ఇదే సంగతి సంస్కృతంలో చదివినప్పుడు నాకు శ్లోకం కంటే ముందు ఆ చిట్ చిట్ వినపడింది.

మా ఇల్లు కర్నూలు పాతబస్తీలో, జమ్మిచెట్టు దగ్గర ఉండేది. ముందు గదే వైద్యశాల. రెండు బెంచీలు, ఒక గోడంతా గాజు సీసాలు, పింగాణీ జాడీలు, వాటి మీద ఆయన రాసి అంటించిన చీటీలు. బయట బోర్డు మీద పేరు, కింద రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అని. ఇప్పుడు ఆర్‌ఎంపీ అంటే ఏ చదువూ లేకుండా పల్లెల్లో సూదులేసేవాళ్లు అని అర్థం మారిపోయింది గానీ, ఆయన బోర్డు మీద ఆ మాట అక్షరాలా నిజం. ఆంధ్ర ప్రాంతానికి ఆయుర్వేద, హోమియో వైద్యుల రిజిస్ట్రేషన్ చట్టం 1956లో వచ్చింది, మా కర్నూలు రాజధానిగా ఉన్న ఆఖరి ఏడాది. తరతరాలుగా వైద్యం చేస్తున్న ఇళ్ల వాళ్లు కొందరు పేర్లు నమోదు చేయించుకున్నారు, అందులో ఆయనా ఒకడు. ఆ సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి ధన్వంతరి పటం పక్కన తగిలించాడు. పండగ పూట పటానికి బొట్టు పెడితే సర్టిఫికెట్‌కూ పెట్టేది మా జేజి.

కాలేజీ మెట్లు ఎక్కింది లేదు. వాళ్ల నాయన దగ్గరే నేర్చుకున్నాడు. మొదటి మూడేళ్లు దంచడం, జల్లించడం, ఏరడం తప్ప ఇంకేమీ చేయనివ్వలేదట, రోగి చెయ్యి పట్టుకోనిచ్చింది ఆ తర్వాతే. బసవరాజీయంలో యోగాలు, అంటే మందుల కూర్పులు, నోటికి వచ్చేవి. మన తెలుగు నేల మీద పుట్టిన గ్రంథమది. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఆయుర్వేదానికి ప్రామాణిక గ్రంథాల పట్టీ ఒకటి ఉంది, చరకం, సుశ్రుతంతో పాటు బసవరాజీయం పేరూ అందులో ఉంది. ఈ సంగతి నేను కాలేజీలో చేరాక సెలవులకు వచ్చి చెప్తే ఆయన మొహం చూడాలి మీరు, వాళ్ల నాయనకే ప్రైజు వచ్చినట్టు.

పట్టాల సంగతిలో మాత్రం మహా ఎటకారం. ఊళ్లో ఒకాయన ఎక్కడినుంచో తెప్పించుకున్న 'ఆయుర్వేద రత్న' పట్టా పేరు పెద్దక్షరాలతో బోర్డు మీద రాయించుకున్నాడు. 1967 తర్వాత ఇచ్చిన ఆ పట్టాలకు గుర్తింపు లేదని అప్పటి కేంద్ర చట్టం షెడ్యూల్లోనే ఉండింది, కోర్టులూ అదే చెప్పాయి, అయినా ఆ బోర్డులు చాలా కాలం వేలాడాయి. "రత్నమైతే ఉంగరంలో పెట్టుకోవల్ల గానీ బోర్డు మీదెందుకప్పా" అనేవాడు జేజినాయన.

ఆయన మందుల్ని చూడ్డానికి ఏ ఇన్‌స్పెక్టరూ వచ్చేవాడు కాదు. రావాల్సిన పని కూడా లేదు. అమ్మకానికి తయారుచేసే ఫార్మసీకి లైసెన్సు కావాలి గానీ, తన రోగుల కోసం తనే మందు చేసుకునే వైద్యుడికి, హకీముకు అక్కర్లేదని చట్టంలోనే మినహాయింపు ఉంది, ఇప్పటికీ ఉంది. అంటే నూనె మాడినా, పొడిలో పుచ్చు కలిసినా అడిగేవాడు లేడు. ఆ అడిగే పని ఆ ఎర్ర అట్ట పుస్తకం చేసేది. ఏ రోజు ఏ మందు పొయ్యెక్కింది, ఏ సరుకు ఎన్ని తులాలు, ఎక్కడినుంచి వచ్చింది, ఎప్పుడు దించాడు, చివర ఒక్క మాట. 'బాగు' అనో, 'ముదిరింది' అనో, 'పారబోసినాను' అనో. పారబోసినాను అన్న మాట చాలాచోట్ల కనపడేది. నాలుగు శేర్ల నూనె పారబోస్తే ఆ కాలంలో ఇంట్లో ఎంత గొడవో ఊహించుకోండి. జేజి వారం మాట్లాడేది కాదు.

సరుకు దగ్గర ఇంకా మొండి. నల్లమల మూటలు ఆత్మకూరు మీదుగా బస్సు టాపు మీద వచ్చేవి. మూట విప్పి ముందు వాసన, తర్వాత విరిచి చూడటం, తర్వాత నాలుక మీద. సుగంధిపాల వేరు విరిస్తే వాసన గుప్పుమనాలి, నిలవ వేరైతే కట్టెపుల్లే. అశోక బెరడు పేరుతో రోడ్ల పక్కన నిటారుగా పెరిగే చెట్టు బెరడు వస్తుంది, మనం అశోక చెట్టు అని స్కూళ్లలో నాటుకునేది అదే, మందులో వాడే అశోకకూ దానికీ ఏ సంబంధమూ లేదు. ఒకసారి మూటంతా వెనక్కి పంపించి పుస్తకంలో 'తిరగగొట్టినాను' అని రాసుకున్నాడు. పెన్సిల్‌తో ఎందుకు రాస్తావని అడిగితే, తడి చేతులకు పెన్ను అలుక్కుపోతాది అన్నాడు. వేర్లు కోసే కత్తితోనే ఆ పెన్సిల్ చెక్కుకునేవాడు, దాని చివర ఎప్పుడూ పసుపుగా ఉండేది.

ఇక ముష్టి గింజల సంగతి. దీన్ని ఇన్నేళ్లు ఎక్కడా రాయలేదు.

కీళ్ల నొప్పులకు, నరాల నిస్సత్తువకు ఆయన ఒక మాత్ర ఇచ్చేవాడు. అందులో ముష్టి గింజ పడుతుంది, విషముష్టి అంటారే అది. విషమే. అందుకే శుద్ధి చేయాలి. ఏడు రోజులు గోమూత్రంలో నానబెట్టాలి, రోజూ పాతది పారబోసి కొత్తది పోయాలి. తర్వాత కడిగి, గుడ్డలో మూట కట్టి, ఆవుపాల కుండలో వేలాడదీసి ఉడికించాలి. మెత్తబడ్డాక పైతోలు ఒలిచి, గింజను రెండు బద్దలు చేసి మధ్యలో ఉన్న మొలక తీసి పారేయాలి. చిన్న ఆకులాగా ఉంటుంది అది. గింజ వేడి మీద ఉండగానే నూరాలి, ఆరిందంటే రాయే.

1991 ఎండాకాలం. శుద్ధి మధ్యలో ఉండగా నంద్యాలలో దగ్గరి వాళ్ల పెళ్లి వచ్చింది. దగ్గర పనిచేసే అబ్బాయికి అంతా చెప్పి వెళ్లాడు, నాలుగేళ్లుగా ఉన్నవాడు, మంచివాడే. జేజినాయన తిరిగి వచ్చేసరికి గింజలు నూరి పెట్టేసి ఉన్నాయి. అంతా చేసినావా అంటే చేసినానన్నాడు. మాత్రలు కట్టారు. పదిరోజులకు మార్కెట్‌లో మూటలు మోసే ఒకాయన తీసుకెళ్లాడు, మర్నాడు పొద్దున ఆయన కొడుకు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

నేనూ వెనకే పోయాను, ఎవరూ ఆపలేదు. చాప మీద ఆయన విల్లులాగా వంగిపోతున్నాడు. దవడ బిగుసుకుంది. కాసేపు వదిలేస్తుంది, మళ్లీ ఎవరో తలుపు గట్టిగా వేస్తే ఒళ్లంతా బిగుస్తుంది. అన్నిటికంటే భయం వేసింది ఏందంటే మనిషికి పూర్తి తెలివి ఉంది, వదిలినప్పుడల్లా మా జేజినాయన వైపే చూస్తూ "అయ్యా, నాకేమైతాంది" అంటున్నాడు. జేజినాయన ఒక్క క్షణం నిలబడి, తలుపు మూయమని, ఎవరూ తాకొద్దని చెప్పి, రిక్షా పిలిపించి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడ కుర్ర డాక్టరుకు తనే చెప్పాడు: "ముష్టి మాత్ర, నేనిచ్చినదే, రెండు పడినాయి." ఆ మాట చెప్పినందుకే చీకటి గదిలో పెట్టి వెంటనే సరైన వైద్యం మొదలుపెట్టగలిగారని తర్వాత మా నాయన అనేవాడు. మనిషి బతికాడు. నాలుగో రోజు ఇంటికి వచ్చాడు. ఆ తర్వాత కూడా మా దగ్గరికే వచ్చేవాడు, అది నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మొలకలు తీయలేదని తర్వాత బయటపడింది. పాలు కూడా చాలనన్ని పోయలేదు. ఆ అబ్బాయిని ఒక్క మాట అనలేదు జేజినాయన. ఆ రాత్రి పెరట్లో గొయ్యి తీసి జాడీడు మాత్రలు అందులో పోశాడు. లాంతరు వెలుగులో పుస్తకం తీసి రాస్తుంటే నేను దగ్గరికి పోయాను, టక్కున మూసేశాడు. అంతకుముందెప్పుడూ నా ముందు ఆ పుస్తకం మూయలేదు. ఆ మాత్ర మళ్లీ మా ఇంట్లో తయారుకాలేదు.

నేను డాక్టరు చదువుతానంటే ఎం.బి.బి.ఎస్. సీటు కోసం ఇంకో ఏడాది కూర్చోమన్నారు ఇంట్లో. జేజినాయన ఒక్కడే ఆయుర్వేదం చదవమన్నాడు. నేను అందరూ అనేదే అన్నాను, నీ దగ్గరే నేర్చుకుంటా కదా, కాలేజీ ఎందుకు అని. "నాకు పరీక్ష పెట్టినోడు మా నాయన ఒక్కడే. ఆయన పోయినాక ఎవరూ పెట్టల్యా. నీకు పదిమంది పెట్టల్ల" అన్నాడు. ఆ ముష్టి సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

1998లో తిరుపతి ఎస్.వి. ఆయుర్వేద కళాశాలలో చేరాను. నాలుగున్నరేళ్లు చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. ఆయుర్వేదమంటే ఆకులూ పసర్లూ అనుకునేవాళ్లు మొదటి ఏడాదే ఎగిరిపోతారు. ఒక పూట పదార్థ విజ్ఞానంలో వైశేషికులనే పాతకాలపు తత్వవేత్తల తర్కం, ఇంకో పూట డిసెక్షన్ హాలు, ఆ ఫార్మలిన్ కంపు జడలోంచి పోయేది కాదు. ద్రవ్యగుణం క్లాసుకు శేషాచలం కొండల్లో తిరిగి మొక్కలు ఏరడం, ఎండబెట్టి షీట్లకు అంటించడం. అందులో సగం నాకు ముందే తెలుసునని కాలరెగరేసేదాన్ని, కానీ మా పక్క పేర్లు వేరు, వాళ్ల పేర్లు వేరు, శాస్త్రీయ నామం చెప్పమంటే నోట్లో బెల్లం. శల్యతంత్రం (శస్త్రచికిత్స) సారు ఒకరోజు గుమ్మడికాయ, సొరకాయ, దోసకాయలు తెప్పించి కోతలు పెట్టమన్నాడు. సుశ్రుతుడు శిష్యుల చేతికి మనిషిని ఇవ్వకముందు వీటిమీదే చెయ్యి తిప్పించేవాడు కదా, అదీ ఆ సారు సరదా. ఒక్క దోసకాయ మీద తొమ్మిది మంది కుట్లు వేశాం.

విషాల గురించి చెప్పే అగదతంత్రం క్లాసులో మాత్రం నా చెయ్యి ఆగిపోయింది. విషముష్టి లక్షణాలు చెప్తున్నారు, దాన్లోని స్ట్రిక్నిన్ గురించి, ధనుర్వాతానికీ దీనికీ తేడా ఎట్లా గుర్తుపట్టాలో. ధనుర్వాతంలో కండరాల బిగువు ఎప్పుడూ కొంత ఉండనే ఉంటుంది. ఇందులో ఈడ్పుకూ ఈడ్పుకూ మధ్య ఒళ్లు వదులవుతుంది, చప్పుడు, వెలుతురు తగిలితే మళ్లీ వస్తుంది, స్పృహ పోదు. నోట్సులో ఒక్క ముక్క రాయలేదు ఆ రోజు. అయ్యా నాకేమైతాంది అన్న గొంతు వినపడుతోంది. డ్రగ్స్ చట్టం కింద ఉన్న నియమాల్లో షెడ్యూల్ ఇ(1) అని ఒకటుంది, వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని లేబుల్ మీద హెచ్చరిక రాయాల్సిన విష ద్రవ్యాల జాబితా. నాభి, నల్లజీడి గింజ, గురివింద, నేపాళం, వాటితో పాటు ముష్టి. పరీక్షలో ఆ జాబితా అడిగితే అందరికంటే ముందు రాసిచ్చి బయటికొచ్చేశాను.

2004లో నా రిజిస్ట్రేషన్ వచ్చింది. హైదరాబాదు నుంచి సర్టిఫికెట్ తెచ్చి చూపిస్తే జేజినాయన కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, లోపలికి పోయి ఒక నల్ల గొడుగు తెచ్చి చేతిలో పెట్టాడు. కొత్తది, ఇంకా ధర చీటీ ఉంది. మే నెల, కర్నూలు ఎండ, నిజమే పనికొస్తుంది అనుకున్నాను. తర్వాత చెప్పాడు. వైద్యుడు శాస్త్రం చదివి, పని కళ్లారా చూసి, చేతులారా చేసి, రాజు అనుమతి తీసుకుని వీధిలోకి రావాలన్నాడు సుశ్రుతుడు. ఎట్లా రావాలంటే గోళ్లు, వెంట్రుకలు కత్తిరించుకుని, తెల్లబట్టలు కట్టి, గొడుగూ కర్రా పట్టుకుని, కాళ్లకు చెప్పులతో. "రాజు కాగితం వచ్చింది, గొడుగు నేనిచ్చినా. చెప్పులు నువ్వే కొనుక్కో" అన్నాడు.

నా మీద నాకే కోపమొచ్చే విషయం ఒకటుంది, అదీ చెప్పేస్తాను. విదేశాలకు పంపే మూలికా మందులకు భారలోహాల పరీక్ష 2006 జనవరి నుంచి తప్పనిసరి చేశారు. సీసం పది లక్షల్లో 10 వంతులు, కాడ్మియం 0.3 వంతు దాటకూడదని నేను పేపర్లో చదివి చెప్తే ఆయన శ్రద్ధగా విని, త్రిఫల చూర్ణం పొట్లం కట్టి ఇచ్చాడు. "మనదీ చూపియ్యి మే, ఎంతుందో" అన్నాడు. ఎనభై దాటిన మనిషి. నేను బ్యాగులో వేసుకున్నాను, ల్యాబుకు ఇవ్వలేదు. ఎక్కువ వస్తుందేమోనని భయం, ఆయనకు కాదు, నాకు. అడిగినప్పుడల్లా ఇంకా రాలేదనేదాన్ని. 2007లో పోయాడు, పొట్లం నా బీరువాలోనే ఉంది.

అందుకే ఎవరైనా నా ముందు "మా తాతలు డిగ్రీలు చదివే వైద్యం చేశారా" అంటే ఒళ్లు మండుతుంది. ఆ తాతల్లో ఒకాయన నన్ను తోసి మరీ కాలేజీకి పంపాడు. అట్లాగని ఐదున్నరేళ్లు చదివి ఒక్క తైలం కూడా తన చేత్తో దించకుండా బయటికొచ్చి, ఇంగ్లీషు మాత్రలు రాసుకుంటూ కూర్చునేవాళ్లను చూసినా మండుతుంది. ఆయుర్వేదం లాంటి మన వైద్యాలకు ఉన్న 1970 నాటి కేంద్ర చట్టం పోయి 2020లో కొత్తది వచ్చింది, జాతీయ కమిషన్ వచ్చింది, లోపలికి పోవడానికి నీట్, బయటికి రావడానికి ఎగ్జిట్ టెస్ట్ అంటున్నారు. పెట్టనీ, మంచిదే. నిప్పుల్లో వత్తి వేయించి విను అనే పరీక్ష కూడా ఒకటి పెడితే బాగుండు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి పాతబస్తీని ముంచేసిన సంగతి కర్నూలు వాళ్లకు చెప్పక్కర్లేదు. మేం బి క్యాంపులో చిన్నాయన వాళ్ల ఇంటికి చేరుకున్నాం. నీళ్లు తీశాక వెళ్తే ముందు గదిలో మోకాలి లోతు బురద, జాడీలు పగిలి, అన్ని పొడులూ కలిసి ఒక కొత్త లేహ్యం తయారైంది. ధన్వంతరి పటం, సర్టిఫికెట్ రెండూ పోయాయి. నా కాలేజీ నోట్సుల పెట్టె తీస్తే ప్రతి పేజీ నీలం రంగు నీళ్లు, ఐదున్నరేళ్ల రాత ఒక్క అక్షరం లేదు. ఎర్ర అట్ట పుస్తకాలు మూడు దొరికాయి. అట్టలు ఊడిపోయాయి, కాగితాలు అతుక్కుపోయాయి. చిన్నమ్మ మిద్దె మీద చీరలారేసే తాడుకు ఒక్కొక్క కాగితం క్లిప్పులతో వేలాడదీశాం. పెన్సిల్ రాత అట్లాగే ఉంది. మట్టి మరకల మధ్య బూడిద రంగులో బాగు, బాగు, ముదిరింది, పారబోసినాను.

మూడో రోజు ఎండకు ఆరిన కాగితాలు తీస్తుంటే 1991 పేజీ చేతికొచ్చింది. పైన ముష్టి, గింజలు ఎన్ని తులాలో ఉంది. కింద, ఎప్పుడూ ఒక్క మాట రాసే చోట: "నేను దగ్గర లేను. అడిగినాను, చూడలేదు. తప్పు నాది. అంతా పూడ్చినాను." దాని కింద గీత గీసి, మామూలు లెక్కల్లాగే: రిక్షా 6 రూ., పాలు 4 రూ., టెంకాయ 1.